అమెరికాలో టీఏ, ఆర్‌ఏ, జీఏ: ఆఫర్ లెటర్ చదవడం నుంచి ట్యాక్స్ రిటర్న్ దాకా

అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పని చేస్తూ చదువుకి, ఖర్చులకి డబ్బు పొందడం) వచ్చిందనగానే ఇంట్లో అందరూ ఫుల్ ఫండింగ్ అనే అనుకుంటారు. ఆగస్టులో మొదటి బిల్లు వచ్చాక అసలు లెక్క బయటపడుతుంది. ట్యూషన్ మాఫీ అయింది కానీ ఫీజులు కాలేదు. జీతం తొమ్మిది నెలలకే, అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. ఇన్సూరెన్స్‌లో సగమే యూనివర్సిటీ భరిస్తుంది. ఇవన్నీ ఆఫర్ లెటర్‌లోనో, అందులో లింక్ ఇచ్చిన పాలసీలోనో రాసే ఉంటాయి. సంతకం పెట్టే ముందు ఏ లైను వెతకాలో తెలియక చాలామంది నష్టపోతున్నారు.

ఆంధ్ర, తెలంగాణ నుంచి ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఎంఎస్, పీహెచ్‌డీలకు వెళ్లేవాళ్ల కోసం ఈ వివరాలు. డబ్బు, పని గంటలు, హక్కులు, పన్ను, చివరికి ఫండింగ్ ఆగిపోతే ఏం చేయాలి అనే వరుసలో చెబుతున్నాం.

1. మీకు వచ్చింది ఏ రకం?

టీఏ (టీచింగ్ అసిస్టెంట్) అంటే డిపార్ట్‌మెంట్ డబ్బుతో కోర్సు పని చేయడం: ల్యాబ్ నడపడం, పేపర్లు దిద్దడం, ఆఫీస్ అవర్స్‌లో విద్యార్థుల సందేహాలు తీర్చడం. ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) అంటే ఒక ప్రొఫెసర్ గ్రాంట్ (పరిశోధన నిధి) మీద పరిశోధన చేయడం. జీఏ (గ్రాడ్యుయేట్ అసిస్టెంట్) అంటే ఎక్కువగా ఆఫీసు పని: హాస్టళ్లు, ఐటీ హెల్ప్‌డెస్క్, అడ్మిషన్లు, లైబ్రరీ, క్రీడా విభాగం లాంటి చోట్ల.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నదాన్ని బట్టే మిగతావన్నీ ఉంటాయి. టీఏ డబ్బు డిపార్ట్‌మెంట్ బడ్జెట్‌లోది కాబట్టి కోర్సులో విద్యార్థులున్నంత కాలం ఆ పని ఉంటుంది. ఆర్‌ఏ మాత్రం గ్రాంట్‌తో ముడిపడింది. 2025లో ఫెడరల్ గ్రాంట్లు పెద్ద ఎత్తున రద్దవడం, ఆగిపోవడం చూశాం కదా, ఆ దెబ్బ ముందుగా తగిలేది ఆర్‌ఏలకే. అందుకే ఆర్‌ఏ ఆఫర్ వస్తే ప్రొఫెసర్‌ని రెండు ప్రశ్నలు మర్యాదగా అడగండి: ఈ గ్రాంట్ ఎప్పటిదాకా ఉంది? అది అయిపోతే డిపార్ట్‌మెంట్ టీఏ ఇస్తానని రాసిస్తుందా? ఇలా అడిగితే ఎవరూ తప్పుపట్టరు. మంచి అడ్వైజర్లు వాళ్లంతట వాళ్లే చెబుతారు.

జీఏ తీసుకునేవాళ్లు పన్నులో ఒక తేడా గమనించాలి. పాఠం చెప్పడానికీ పరిశోధనకూ బదులుగా ఇచ్చే ట్యూషన్ వేవర్ (మాఫీ) మీద ఫెడరల్ పన్ను లేదు. పన్ను చట్టంలోని 117(డి) సెక్షన్ ఆ వెసులుబాటు ఇస్తుంది. కేవలం ఆఫీసు పని చేసే జీఏకి ఇది వర్తించదు. వాళ్ల వేవర్‌లో క్యాలెండర్ సంవత్సరానికి 5,250 డాలర్ల దాకానే పన్ను లేదు, ఆపైన ఉన్నది జీతంలో కలిపి లెక్కిస్తారు. ఆ పన్నును సెమిస్టర్ చివరి జీతాల్లోంచి కోసుకునే చోట్ల నవంబరు, డిసెంబరు పేచెక్‌లు ఉన్నట్టుండి చిక్కిపోతాయి. మీ జీఏ ఏ కోవలోకి వస్తుందో చేరేముందే పేరోల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి కనుక్కోండి.

2. ఆఫర్ లెటర్‌లో వెతకాల్సినవి

ముందుగా శాతం చూడండి. 50 శాతం అపాయింట్‌మెంట్ అంటే వారానికి 20 గంటలు, 25 శాతం అంటే 10 గంటలు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పనిచేయకూడదు. అందువల్ల 50 శాతం చేతికొస్తే, ఇంకో క్యాంపస్ ఉద్యోగానికి చోటు లేదు. 25 శాతం టీఏ, 10 గంటల డైనింగ్ హాల్ పని కలిపి చేసుకోవచ్చు గానీ రెండూ కూడితే 20 దాటకూడదు.

తర్వాత వేవర్. పూర్తిగానా, సగమేనా, లేక నాన్-రెసిడెంట్ (బయటివాళ్ల) రేటుని రెసిడెంట్ (ఆ రాష్ట్రవాసుల) రేటుకి తగ్గించడమేనా? మూడింటినీ వాడుకలో వేవర్ అనే అంటారు కాబట్టి ఇక్కడే మోసపోతాం. వేవర్ ఎన్ని క్రెడిట్లకి వర్తిస్తుంది, వేసవికి కూడా ఉందా అన్నవి కూడా చూసుకోండి. ఇంకో షరతు లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది: సెమిస్టర్‌లో కనీసం ఇన్ని రోజులు పనిలో ఉంటేనే వేవర్ నిలుస్తుందని. మంచి ఇంటర్న్‌షిప్ దొరికిందని మధ్యలో టీఏ మానేస్తే ఆ సెమిస్టర్ ట్యూషన్ మొత్తం మీ ఖాతాలో పడొచ్చు.

ఫీజులు వేరే. టెక్నాలజీ, రవాణా, జిమ్, ఇంజనీరింగ్ కాలేజీ అదనపు ఫీజు, అంతర్జాతీయ విద్యార్థుల ఫీజు వంటివి ట్యూషన్ కింద రావు. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఎవరు కడతారు, పళ్లు, కళ్లు అందులో ఉన్నాయా, భార్యనో భర్తనో చేర్చాలంటే ఎంతవుతుంది అన్నవీ అడగాలి. డిపెండెంట్ ప్రీమియం చూశాక చాలామంది ప్లాన్లు మారిపోతాయి.

ఇప్పుడు రెండు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది నెలకి 2,200 డాలర్లు, తొమ్మిది నెలలు. ఫీజులు సెమిస్టర్‌కి 900, ఇన్సూరెన్స్‌లో మీ వాటా ఏడాదికి 1,620. రెండోది నెలకి 1,900, పన్నెండు నెలలు. ఫీజులు, ఇన్సూరెన్స్ యూనివర్సిటీవే. చూడగానే మొదటిదే పెద్దదనిపిస్తుంది.

మొదటి ఆఫర్: 19,800 జీతం. ఫీజులకి 1,800, ఇన్సూరెన్స్‌కి 1,620, ఫెడరల్ పన్నుకి సుమారు 405 పోతే 15,975 మిగులుతుంది. పన్నెండు నెలలకి పంచితే నెలకి 1,331.

రెండో ఆఫర్: 22,800 జీతం. పన్నుకి సుమారు 705 పోతే 22,095. నెలకి 1,841.

నెల జీతం 300 తక్కువున్న ఆఫరే ఏడాదికి 6,120 డాలర్లు ఎక్కువ ఇస్తోంది. పన్ను అంత తక్కువ ఎందుకో తర్వాత చెబుతాం. రాష్ట్ర పన్ను ఈ లెక్కలో లేదు. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, టెనెసీలలో జీతంపై రాష్ట్ర పన్ను ఉండదు. మిగతా చాలా రాష్ట్రాల్లో ఉంటుంది.

చివరిగా, ఎన్నేళ్లకి హామీ? "సంతృప్తికరమైన ప్రగతి ఉంటే ఐదేళ్లు" అని రాయడం ఒకటి, "తదుపరి సంవత్సరాలకి ప్రయత్నిస్తాం" అని రాయడం ఇంకొకటి. రెండోది హామీ కింద రాదు.

3. ఏప్రిల్ 15

అమెరికాలోని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఆధ్వర్యంలో చాలా యూనివర్సిటీలు సంతకం చేసిన ఒక ఒప్పందం ఉంది. ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో) చేరేవాళ్లకి ఆర్థిక సాయంతో ఇచ్చిన ఆఫర్‌కి ఏప్రిల్ 15 కంటే ముందే జవాబు చెప్పి తీరాలని వాళ్లు పట్టుబట్టకూడదు. మార్చి మొదట్లో ఫోన్ చేసి వారంలో తేల్చమంటే, ఆ యూనివర్సిటీ ఒప్పందంలో ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లోని జాబితాలో చూసి, ఏప్రిల్ 15 గడువు గుర్తుచేస్తూ మెయిల్ పెట్టండి. ఇది స్టైపెండ్, అసిస్టెంట్‌షిప్ ఉన్న ఆఫర్లకే. ఉత్త అడ్మిషన్‌కి వర్తించదు.

ఈ సమయంలోనే అడగాల్సింది అడగాలి. స్టైపెండ్ పెంచమంటే చాలా డిపార్ట్‌మెంట్లు పెంచలేవు, అందరికీ ఒకే స్కేలు ఉంటుంది. కానీ వేసవి ఆర్‌ఏ, మొదటి ఏడాది ఫెలోషిప్ (పనితో ముడిపెట్టకుండా ఇచ్చే డబ్బు), ప్రయాణ ఖర్చు, ఫీజుల మాఫీ లాంటివి ఇవ్వగలరు. రెండో ఆఫర్ చేతిలో ఉంటే దాని అంకెలు రాసి, "మీ దగ్గరే చేరాలనుంది, ఈ తేడా ఏమైనా తగ్గించగలరా" అని ఒక పేరా చాలు.

ఒప్పుకున్నాక ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఆ మొత్తం కనిపించేలా చూసుకోండి. మొదటి పేజీలోని ఫండింగ్ భాగంలో స్కూల్ ఇచ్చే డబ్బు వేరే లైనులో ఉంటుంది. అంత మేరకి మీరు బ్యాంకులో చూపాల్సింది తగ్గుతుంది, వీసా ఇంటర్వ్యూలోనూ అది పనికొస్తుంది. ఎడ్యుకేషన్ లోన్ ఇప్పటికే శాంక్షన్ అయిపోయినా భయం లేదు. వడ్డీ విడుదలైన మొత్తానికే పడుతుంది, శాంక్షన్ అయినదానికి కాదు. సెమిస్టర్ల వారీగా డబ్బు విడుదల చేసే బ్యాంకైతే, తర్వాతి విడత తగ్గించమనో ఆపమనో రాతపూర్వకంగా చెప్పండి.

4. ఎంఎస్ వాళ్లకి: అడ్మిషన్‌తో రాకపోతే

ఎంఎస్‌లో ఎక్కువమందికి అడ్మిషన్‌తోపాటు అసిస్టెంట్‌షిప్ రాదు. వస్తుందని ఇక్కడ ఎవరైనా కన్సల్టెంట్ గ్యారంటీ ఇస్తే నమ్మకండి. టీఏని డిపార్ట్‌మెంట్, ఆర్‌ఏని ప్రొఫెసర్ ఇస్తారు, మధ్యవర్తి చేతిలో ఏమీ లేదు. లోన్ లెక్క మాత్రం రాదనే అనుకుని వేసుకోవాలి.

ప్రయత్నించే వరుస ఇలా ఉంటే ఫలితం బాగుంటుంది. జులైలోనే యూనివర్సిటీ జాబ్ పోర్టల్‌లో ఖాతా తెరిచి, జీఏ ఖాళీలకి అలర్ట్ పెట్టుకోండి. సొంత డిపార్ట్‌మెంట్‌కే అతుక్కుపోకండి. గణాంకాలు, డేటాబేస్‌లు, వెబ్ పని తెలిసినవాళ్లు పబ్లిక్ హెల్త్, వ్యవసాయం, ఎడ్యుకేషన్ కాలేజీలకి కావాలి, అక్కడ పోటీ తక్కువ. ప్రొఫెసర్‌కి రాసే మెయిల్ ఎనిమిది లైన్లు దాటకూడదు: ఆయన ఈమధ్య రాసిన ఏ పేపర్ చదివారు, దానికి పనికొచ్చేలా మీరు చేసిన ఒక పని, దాని కోడ్ లింకు, పది నిమిషాలు కలవొచ్చా అన్న అడుగు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలెట్టి యాభైమందికి ఒకే మెయిల్ పంపితే ఒక్కరూ జవాబివ్వరు.

మొదటి సెమిస్టర్‌లో ఒక కోర్సులో ఏ తెచ్చుకుని, ఆ ప్రొఫెసర్‌నే తర్వాతి సెమిస్టర్‌కి గ్రేడర్‌గా (పేపర్లు దిద్దే మనిషిగా) తీసుకోమని అడగడం అన్నిటికంటే దగ్గరి దారి. గ్రేడర్ పని గంటల జీతమే, వేవర్ సాధారణంగా ఉండదు. కానీ టీఏకి అదే మొదటి మెట్టు.

జీతం లేకుండా ల్యాబ్‌లో పనిచేస్తానని ముందుకెళ్లేవాళ్లు జాగ్రత్త. డబ్బిచ్చి చేయించుకునే పనిని ఊరికే చేయడం ఇమిగ్రేషన్ పరంగా చిక్కు తేవచ్చు. అదే పనిని ఇండిపెండెంట్ స్టడీ క్రెడిట్లుగా నమోదు చేయిస్తే మీకు గ్రేడూ వస్తుంది, చిక్కూ ఉండదు.

టెక్సస్ గురించి వేరుగా చెప్పాలి, అక్కడ మనవాళ్లు ఎక్కువ. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చదువుకి సంబంధించిన టీఏ, ఆర్‌ఏ సగం సమయం చేస్తే రాష్ట్ర చట్టం ప్రకారం రెసిడెంట్ రేటు ట్యూషనే కట్టాలి. పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లు వచ్చినా, యూనివర్సిటీ ఆ రేటు ఇవ్వొచ్చు. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్పే కదా అని దరఖాస్తు వదిలేయడం పెద్ద నష్టం. స్కాలర్‌షిప్ కంటే దాని వెంట వచ్చే ట్యూషన్ తగ్గింపే చాలా రెట్లు ఎక్కువ.

5. చేరాక మొదటి ఆరు వారాలు

టీఏగా మాట్లాడే ఇంగ్లిష్ పరీక్ష ముందు. టోఫెల్ స్పీకింగ్‌లో పాత 30 మార్కుల లెక్కన 24 నుంచి 26 అడిగే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. రానివాళ్లకి క్యాంపస్‌లోనే మౌఖిక పరీక్ష పెడతారు. మొత్తం స్కోరు 105 ఉన్నా స్పీకింగ్ 22 వస్తే పాఠం చెప్పనివ్వకపోవచ్చు. బయల్దేరే ముందే, మీ సబ్జెక్టులో ఒక అంశాన్ని పది నిమిషాలు బోర్డు మీద వివరించడం, మధ్యలో ఆపి అడిగే ప్రశ్నకి జవాబివ్వడం సాధన చేయండి.

సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి దిగిన మర్నాడే వెళ్తే మీ వివరాలు సిస్టమ్‌లో దొరక్క వెనక్కి పంపుతారు. దేశంలోకి వచ్చి పది రోజులయ్యాక, ఇంటర్నేషనల్ ఆఫీస్ మీ రిజిస్ట్రేషన్‌ని సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) నమోదు చేశాక వెళ్లండి. పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-20, డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఉద్యోగ లేఖ, దాని మీద ఇంటర్నేషనల్ ఆఫీస్ సంతకం కావాలి. నంబర్ రాకముందే పని మొదలెట్టొచ్చు. పని చేసే అర్హత చూపే ఐ-9 ఫారం మాత్రం పని మొదలైన మూడు పనిదినాల్లో పూర్తవ్వాలి.

ఆగస్టు మధ్యలో చేరితే మొదటి జీతం సెప్టెంబరులోకి, కొన్నిచోట్ల ఆ నెల చివరికి జారుతుంది. అద్దె, అడ్వాన్స్, పరుపు, వంటసామాను అన్నీ ఆలోపే కొనాలి. రెండు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

6. ఇరవై గంటలు నిజంగా ఎంత

75 మంది ఉన్న కోర్సుకి మీరు టీఏ. వారానికి లెక్చర్‌కి 3 గంటలు, డిస్కషన్ క్లాసు 2, ఆఫీస్ అవర్స్ 2, సిద్ధం కావడానికి 2, మెయిళ్లకి 1. అక్కడికి 10 అయ్యాయి. ఒక హోంవర్క్ దిద్దడానికి మనిషికి 8 నిమిషాలు పట్టినా 600 నిమిషాలు, అంటే ఇంకో 10 గంటలు. ప్రతి వారం హోంవర్క్ ఉంటే 20 నిండిపోయాయి. ఇప్పుడు మిడ్‌టర్మ్ వచ్చింది, ప్రాజెక్టు రిపోర్టులు వచ్చాయి. ఇక్కడే గంటలు దాటుతాయి.

దాటితే అదనపు డబ్బు వస్తుందనుకోకండి. ఫెడరల్ కార్మిక చట్టం కింద టీఏలని ఉపాధ్యాయులుగా చూసి ఓవర్‌టైమ్ నుంచి మినహాయించారు. డిగ్రీలో భాగంగా పరిశోధన చేసే ఆర్‌ఏలని కార్మిక శాఖ సాధారణంగా విద్యార్థులుగానే చూస్తుంది. కాబట్టి మీ రక్షణ అపాయింట్‌మెంట్ లెటర్‌లోని గంటలే. చాలా కాంట్రాక్టులు సెమిస్టర్ సగటు లెక్క వాడతాయి, 16 వారాలకి 320 గంటలన్నమాట. వీసా నియమం మాత్రం ఏ వారానికి ఆ వారం 20.

చేయాల్సింది మొదటి వారంలోనే చేయాలి. కోర్సు ప్రొఫెసర్‌తో కూర్చుని పైన వేసినట్టు గంటల పట్టిక వేయండి. వారం వారం తేదీ, పని, నిమిషాలు ఒక షీట్‌లో రాయండి. మూడో వారానికే 24, 25 వస్తుంటే ఆ షీట్ చూపించి, "నాలుగు లెక్కల్లో రెండే దిద్దుదామా? గ్రేడ్‌స్కోప్ (దిద్దడానికి వాడే సాఫ్ట్‌వేర్) వాడదామా? రూబ్రిక్ (మార్కులు వేసే పట్టిక) కుదిద్దామా?" అని అడగండి. "పని ఎక్కువైంది" అంటే వినేవాళ్లు తక్కువ. "హోంవర్క్‌కి 14 గంటలు పడుతోంది" అంటే ఎవరైనా ఆగి చూస్తారు. పదో వారంలో మొదటిసారి చెబితే ఇక మార్చడానికి ఏమీ ఉండదు.

ఆర్‌ఏలకి ఇంకో చిక్కు. సొంత థీసిస్ పరిశోధనా, గ్రాంట్ పనీ కలిసిపోతాయి. థీసిస్‌కి వెచ్చించే సమయం 20 గంటల్లోకి రాదు, అది చదువు. కానీ పరికరాల రిపేర్లు, సామాను ఆర్డర్లు, ప్రొఫెసర్ వేరే ప్రాజెక్టుకి డేటా శుభ్రం చేయడం ఉద్యోగమే. ఏది ఏదో ప్రతి సెమిస్టర్ మొదట్లో అడ్వైజర్‌తో మాట్లాడి, మాట్లాడింది మెయిల్‌లో రాసి పంపండి.

సెలవుల సంగతి కూడా చూడండి. ఫెడరల్ కుటుంబ, వైద్య సెలవు చట్టం వర్తించాలంటే అంతకుముందు పన్నెండు నెలల్లో 1,250 గంటలు పనిచేసి ఉండాలి. వారానికి 20 చొప్పున 52 వారాలూ చేసినా 1,040కే ఆగుతుంది. అందుకని జబ్బు చేసినా, కాన్పు వచ్చినా దిక్కు యూనివర్సిటీ పాలసీయో యూనియన్ కాంట్రాక్టో. ఇంట్లో ఆపద వచ్చి ఇండియా వెళ్లాలంటే ఎన్ని రోజులు జీతంతో ఇస్తారో ముందే చదివి పెట్టుకోండి.

7. గొడవ వస్తే, యూనియన్ ఉంటే

"సార్‌కి కోపం వస్తే వీసా పోతుంది" అన్న భయంతో నోరు మూసుకుని రాత్రింబవళ్లు పనిచేసేవాళ్లు మనలో చాలామంది. ఇది సూటిగా చెప్పాలి: ప్రొఫెసర్ మీ వీసా రద్దు చేయలేరు. ఐ-20 ఇచ్చేది, సెవిస్ రికార్డు చూసేది ఇంటర్నేషనల్ ఆఫీస్. అసిస్టెంట్‌షిప్ పోయినంత మాత్రాన స్టేటస్ (దేశంలో ఉండే చట్టబద్ధ హోదా) పోదు. పూర్తి క్రెడిట్లతో చదువు సాగుతూ, ఖర్చుకి డబ్బు చూపగలిగితే స్టేటస్ నిలుస్తుంది.

వెళ్లాల్సిన వరుస: ముందు ఆ ప్రొఫెసర్, తర్వాత డైరెక్టర్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్టడీస్, ఆపైన గ్రాడ్యుయేట్ కాలేజీ. ఆంబడ్స్ ఆఫీస్ (ఎవరి పక్షమూ వహించకుండా ఫిర్యాదులు వినే చోటు) ఉంటే వీళ్లందరికంటే ముందే అక్కడికి వెళ్లి మాట్లాడొచ్చు, విషయం బయటికి పోదు. లైంగిక వేధింపులైతే ఈ వరుస వద్దు, నేరుగా టైటిల్ నైన్ ఆఫీసుకి (లైంగిక వివక్ష, వేధింపుల ఫిర్యాదులు చూసే విభాగం) వెళ్లండి.

యూనియన్ ఉన్నచోట కాంట్రాక్ట్ చదవడం మీ హక్కుల్లో సగం. ప్రైవేటు యూనివర్సిటీల్లో టీఏ, ఆర్‌ఏలు ఉద్యోగులేనని జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 2016లో కొలంబియా యూనివర్సిటీ కేసులో తేల్చింది. ప్రభుత్వ యూనివర్సిటీలకి ఆయా రాష్ట్రాల చట్టమే. టెక్సస్, నార్త్ కరోలినాల్లో ప్రభుత్వ ఉద్యోగుల సామూహిక బేరసారాలకి చోటు లేదు. కాలిఫోర్నియాలో ఉంది. 2022 నవంబరులో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో దాదాపు 48,000 మంది సమ్మెకి దిగారు. ఆ సమ్మె తర్వాత కుదిరిన ఒప్పందంతో సగం సమయం పనిచేసే టీఏల తొమ్మిది నెలల కనీస జీతం 2024 అక్టోబరు నాటికి 34,000 డాలర్లకి చేరింది.

ఎఫ్-1 విద్యార్థులు యూనియన్‌లో చేరొచ్చు, చట్టబద్ధమైన సమ్మెలో పాల్గొనొచ్చు. అయితే సమ్మెలో ఉన్నంత కాలం జీతం ఆగొచ్చు. 2023లో టెంపుల్ యూనివర్సిటీ సమ్మెలో ఉన్నవాళ్ల ట్యూషన్ వేవర్‌ని, ఇన్సూరెన్స్‌ని కూడా నిలిపివేసింది. సమ్మెకి ముందు సమ్మె నిధి ఎంతిస్తుందో యూనియన్‌ని, రిజిస్ట్రేషన్‌కి ఇబ్బంది రాకుండా ఏం చేయాలో ఇంటర్నేషనల్ ఆఫీస్‌ని అడగండి. గ్రీవెన్స్ (కాంట్రాక్టు కింద ఫిర్యాదు) వేయడానికి కాంట్రాక్టులో రోజుల గడువు ఉంటుంది, దాటితే న్యాయం మీవైపున్నా వినరు.

8. పన్ను: మనకున్న ఒక పెద్ద వెసులుబాటు

ఎఫ్-1 విద్యార్థి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్-రెసిడెంట్. 2025 ఆగస్టులో దిగితే 2025 కూడా ఒక సంవత్సరమే, 2029తో ఐదు నిండుతాయి. నాన్-రెసిడెంట్లకి సాధారణంగా స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేయకుండా ఆదాయంలోంచి తీసేసే మొత్తం) ఉండదు. భారతీయ విద్యార్థులకి మాత్రం భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని ఆర్టికల్ 21(2) అది ఇస్తుంది. 2025 సంవత్సరానికి ఒంటరి వ్యక్తికి 15,750 డాలర్లు. పక్క సీట్లోని వేరే దేశపు మిత్రుడి రిటర్న్ చూసి నింపితే ఇదే పోతుంది.

పైన చెప్పిన 19,800 జీతాన్నే తీసుకోండి. డిడక్షన్ తీసేస్తే 4,050 మిగులుతుంది, పది శాతం చొప్పున పన్ను 405. డిడక్షన్ మర్చిపోతే 2,137. ఒక్క లైను నింపకపోవడం ఖరీదు 1,700 డాలర్ల పైమాటే.

చేరినప్పుడు నింపే డబ్ల్యు-4లో (జీతంలో ఎంత పన్ను కోయాలో చెప్పే ఫారం) సింగిల్ అనే పెట్టి, స్టెప్ 4(సి) కింద నాన్-రెసిడెంట్ అని ఎన్‌ఆర్‌ఏ రాయాలి. నాన్-రెసిడెంట్ల జీతానికి పేరోల్ ఒక అదనపు మొత్తం కలిపి పన్ను కోస్తుంది, భారతీయ విద్యార్థులకి అలా కలపకూడదని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) నోటీస్ 1392 చెబుతుంది. ఎక్కువ కోస్తున్నారనిపిస్తే ఆ నోటీస్ నంబర్ చెప్పి పేరోల్‌ని అడగండి.

సోషల్ సెక్యూరిటీ 6.2, మెడికేర్ 1.45, కలిపి 7.65 శాతం మీకు పడకూడదు. పే స్లిప్‌లో ఈ రెండు లైన్లలో అంకె కనిపిస్తే వెంటనే పేరోల్‌కి చెప్పండి. 19,800 మీద అది దాదాపు 1,515 డాలర్లు. వాళ్లు తిరిగివ్వకపోతే ఫారం 843, ఫారం 8316 కలిపి ఐఆర్‌ఎస్‌కి పంపాలి.

జనవరి చివరికి డబ్ల్యు-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం) వస్తుంది. ఫెలోషిప్ డబ్బు కూడా తీసుకుంటే దాని వివరాల 1042-ఎస్ మార్చి మధ్యకి వస్తుంది. అది రాకముందే రిటర్న్ వేసేయకండి. ఫెలోషిప్ మీద సాధారణంగా 14 శాతం కోస్తారు, డిడక్షన్ వాడుకుంటే అందులో చాలా వెనక్కి రావచ్చు. వేయాల్సింది నాన్-రెసిడెంట్ల రిటర్న్ 1040-ఎన్‌ఆర్, దానికి ఫారం 8843 (నాన్-రెసిడెంట్ విద్యార్థినని తెలిపేది) జతచేయాలి, గడువు ఏప్రిల్ 15. ఆదాయమే లేనివాళ్లు కూడా 8843 ఒక్కటైనా జూన్ 15 లోపు పంపాలి. సాధారణ సాఫ్ట్‌వేర్‌లో రెసిడెంట్లు వేసే 1040 వేసి చదువు క్రెడిట్లు తీసుకోవడం మనవాళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు. రిఫండ్ పెద్దగా కనిపిస్తుంది కానీ అది మీది కాదు. అలా వేసి ఉంటే సవరణ రిటర్న్ 1040-ఎక్స్‌తో సరిచేయండి.

9. ఫండింగ్ మధ్యలో ఆగిపోతే

ముందు రాతపూర్వకంగా తెలుసుకోండి: ఏ తేదీతో ఆగుతోంది, ఈ సెమిస్టర్ వేవర్ నిలుస్తుందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుంది. అదే వారంలో గ్రాడ్యుయేట్ కాలేజీని బ్రిడ్జ్ ఫండ్ (మధ్యకాలానికి ఇచ్చే సాయం) గురించీ, డిపార్ట్‌మెంట్‌ని టీఏ ఖాళీల గురించీ అడగండి. పీహెచ్‌డీలో ఆఫర్ లెటర్ ఐదేళ్లని చెప్పి ఉంటే ఆ కాగితం జతచేయండి. ప్రొఫెసర్ గ్రాంట్ పోయినా ఆ హామీ డిపార్ట్‌మెంట్‌ది. వేరే ల్యాబ్‌కి మారాలంటే పాత అడ్వైజర్‌తో తెగతెంపులు చేసుకునే ముందే కొత్తవారి ఒప్పుకోలు మెయిల్‌లో ఉండాలి.

పెట్రోలు బంకులోనో రెస్టారెంట్‌లోనో నగదుకి చేరకండి. ఎఫ్-1 మీద అనుమతి లేని పని స్టేటస్‌ని ముంచేస్తుంది, తర్వాత ఓపీటీ (చదువయ్యాక పనికి అనుమతి), హెచ్-1బీ (ఉద్యోగ వీసా) దాకా వెంటాడుతుంది. దానికి బదులు చట్టంలోనే ఒక దారి ఉంది. ఎఫ్-1 మీద ఒక విద్యా సంవత్సరం పూర్తిచేసినవాళ్లు, తమ తప్పు లేకుండా ఆర్థిక సాయమో క్యాంపస్ ఉద్యోగమో పోతే, తీవ్ర ఆర్థిక ఇబ్బంది కింద క్యాంపస్ బయట పనికి అనుమతి అడగొచ్చు. ఇంటర్నేషనల్ ఆఫీస్ సిఫార్సు చేస్తూ కొత్త ఐ-20 ఇస్తుంది, దానితో ఐ-765 (పని అనుమతి దరఖాస్తు) దాఖలు చేయాలి. ఫండింగ్ ఆగిందన్న లేఖ, పాత ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంట్లోవాళ్లు పంపలేని పరిస్థితి చూపే కాగితాలు జతచేయండి. అనుమతి ఒక ఏడాదికి వస్తుంది, క్లాసుల రోజుల్లో ఇక్కడా వారానికి 20 గంటలే. నిర్ణయానికి నెలలు పట్టొచ్చు కనుక లేఖ వచ్చిన వారంలోనే దాఖలు చేయండి. ఈఏడీ (పని అనుమతి) కార్డు చేతికొచ్చి, దాని మీద రాసిన తేదీ మొదలయ్యేదాకా ఒక్క గంట కూడా పనిలోకి దిగకండి.